కిన్నర బ్రహ్మయ్య అలుక – టెలివిజన్ నాటకములకు ఒక పాఠము

కల్యాణ నగరమున జరిగిన ఒక చిన్న కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పియున్నాడు. కిన్నెర మీటుచు శివుని గొలిచిన భక్తుడు కిన్నర బ్రహ్మయ్య. ఆయనకు ఉల్లిగడ్డ మీద మిక్కిలి ప్రీతి. ఒకనాడు బసవేశ్వరుడు ఉల్లిని గూర్చి తక్కువగా పలికెను. ఎవరినో నొప్పింపవలెనని పలికినది కాదు. పెద్దల యిండ్లలో నిత్యము వినవచ్చు మాటయే. కాని అది బ్రహ్మయ్య చెవిని పడెను. తాను ప్రీతితో తినుదానిని రోసినవారు తన్నును రోసినట్లే గదా యని ఆయన నొచ్చుకొనెను, అలిగి వెడలిపోయెను.

అప్పుడు బసవేశ్వరుడు చేసినదేమి? ఆయన బిజ్జలుని భండారమునకు అధికారి. వేలమంది భక్తులకు పెద్ద దిక్కు. ఉల్లిని అంటిని గాని మనిషిని అనలేదని వాదింపగలవాడే. వాదింపలేదు. ఏ ఉల్లిని తక్కువచేసెనో ఆ ఉల్లినే గౌరవించి, పురజనులెల్ల చూచునట్లు ఉత్సవము జరిపించి, బ్రహ్మయ్యను ప్రసన్నుని గావించుకొనెను. మాట తూలినది నలుగురిలో, దిద్దుకొన్నదియు నలుగురిలోనే.

ఈ కథను విని నవ్వుకొని విడిచిపెట్టువారు కలరు. ఉల్లిగడ్డకు ఊరేగింపు ఏమిటని వారి నవ్వు. కాని ఇందులో గొప్ప ధర్మసూక్ష్మము ఇమిడియున్నది. ఒకని తిండిని, మాటను, వృత్తిని, మేనిరంగును వెక్కిరించుట వానినే వెక్కిరించుట. ఆ వెక్కిరింత బరువెంతయో తూచవలసినవాడు అన్నవాడు కాడు, పడినవాడు. ఈ సూక్ష్మమును నేడు అత్యవసరముగా గుర్తింపవలసిన చోటొకటి కలదు. అది ప్రతి యింటి ముందుగదిలో వెలుగుచున్న టెలివిజన్.

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము 1977లో ఆరంభమైనది. 1984లో హిందీలో 'హమ్ లోగ్' అను ధారావాహికతో దేశమునకు సీరియల్ అను మాట పరిచయమైనది. 1995లో ఈటీవీ, జెమినీ వంటి తెలుగు ఛానళ్లు వచ్చిన పిదప సాయంకాలపు వేళలన్నియు సీరియళ్లవే అయినవి. పూర్వము పల్లెలో హరికథకుడు, యక్షగానపు మేళము, జంగమ కథకుడు ఏడాదికి నాలుగు రాత్రులు ఆడి పాడి వెళ్లెడివారు. నేడు ఆ పని దినదినము జరుగుచున్నది. ఆనాటి కథకుడు ఊరివారి ముఖములను చూచుచు కథ చెప్పెను. ఎవరైన నొచ్చుకొన్నచో వెంటనే తెలిసెడిది. నేటి కథకుడు ఎక్కడో కూర్చుండి చెప్పును. వినువాని ముఖము వానికి కానరాదు. బ్రహ్మయ్యలు అలిగి లేచిపోయినను తెలియదు.

కాని ఒకసారి తెలిసినది. 1987 జనవరిలో మొదలైన 'రామాయణ్' ధారావాహిక 1988 జూలైలో ముగియునపుడు, శ్రీరామ పట్టాభిషేకముతోనే కథను ఆపివేయ నిశ్చయించిరి. ఉత్తర భారతమున వీధులూడ్చు పారిశుద్ధ్య కార్మికులలో అనేకులు వాల్మీకి మహర్షిని తమవానిగా, తమ గురువుగా కొలుచువారు. గర్భవతియైన సీతకు ఆశ్రయమిచ్చి, కుశలవులను పెంచి, విద్య నేర్పిన వాల్మీకి కనబడునది ఉత్తరకాండములోనే. దేశమంతయు ఆదివారము ఉదయమున భక్తితో చూచిన కథలో తమ మహర్షికి చోటు లేకపోవుట వారికి కష్టమైనది. జలంధరు మొదలగు పట్టణములలో వారు చీపురులు క్రింద పెట్టి సమ్మె చేసిరి. పిమ్మట ఉత్తర రామాయణము కూడ చిత్రీకరింపబడి ప్రసారమైనది.

ఊడ్చువాడు కూలి పెంచుమని గాక, కథలో తన ఋషికి చోటిమ్మని పని ఆపెను. మానవునికి అన్నముతో పాటు ఆదరము కూడ కావలెననుటకు ఇంతకు మించిన నిదర్శనము వేరొకటి ఏల?

ఇప్పుడు బోధను వంక చూతము. మంజీరానది కల్యాణమున్న బీదరు సీమను తాకుచు వచ్చి, బోధను పొలములను తడిపి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియుచున్నది. 1956 వరకు కల్యాణమును, బోధనును ఒకే హైదరాబాదు రాష్ట్రమున ఉండినవి. 1923 నుండి 1931 వరకు నిజాంసాగరు కట్టిరి. కాలువ నీరు రాగానే కోస్తా జిల్లాల నుండి రైతులు వచ్చి భూములు కొని స్థిరపడిరి. వారి ఊళ్లకు నేటికిని క్యాంపులనియే పేరు. 1937లో శక్కర్‌నగరులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసినది. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడము, లంబాడీ మాట – అన్నియు ఒకే సంతలో వినవచ్చు పట్టణమైనది. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు బండ్ల బారులు పోయినవి. జిల్లాలో వేలకొలది స్త్రీలు చాట ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారము చుట్టి బీడీలు చేయుచున్నారు. ఎందరో ఇంటి యజమానులు గల్ఫు దేశములకు పోయి కష్టపడుచున్నారు.

ఆ బీడీలు చుట్టు తల్లి చేతులు ఆగకుండ, కన్నులు టెలివిజన్ మీద నిలిపి సీరియల్ చూచును. తెరపై ఏమున్నది? నగరములో మేడ. వంటగదిలో సైతము పట్టుచీరలు, ఒంటినిండ నగలు. అత్తాకోడండ్ర పంతములు, ఆస్తి తగవులు. ఆ మేడలో తనవంటి స్త్రీ కనబడునా? కనబడును – పనిమనిషిగా. ఆమె మాటాడునపుడు మాత్రము బోధను యాస వినబడును. చౌకీదారుది ఆ యాసయే. గల్లీ రౌడీది ఆ యాసయే. నవ్వించు అమాయకునిది ఆ యాసయే. నాయకుడు, నాయిక, డాక్టరు, కలెక్టరు మాత్రము వేరొక తెలుగు పలుకుదురు. చాలకాలము సినిమాలోను, దాని వెంట టెలివిజన్ నాటకములోను ఇదియే కట్టడిగా నడచినది.

ఒకనాటి వెక్కిరింత గాలికి పోవును. నిత్యము వినబడునది పాఠమగును. తన అవ్వ మాట తెరమీద నవ్వుల పాలగుట దినదినము చూచిన పిల్లవాడు, కొన్నాళ్లకు బడిలో ఆ మాట పలుకుటకు సిగ్గుపడును. మరికొన్నాళ్లకు స్నేహితుల యెదుట అవ్వను పిలుచుటకే వెనుకాడును. ఎవరును ఆ బిడ్డకు అవ్వను తక్కువగా చూడుమని చెప్పలేదు. చెప్పనక్కరలేకయే నేర్పబడినది. ఇంతకును సోమనాథుడు ఈ తెలంగాణ గడ్డమీది కవి. పాలకుర్తి ఆయన ఊరని పెద్దల మాట. పండితుల సంస్కృత మార్గమును విడిచి, జనులు పాడుకొను ద్విపదలో, జాను తెనుగున బసవని కథ చెప్పినాడు. ఏ నేల మాటలో తెలుగు వీరశైవులకు ధర్మము లభించినదో ఆ నేల మాటయే తెరపై పనివాని మాటగా మిగులుట విచారింపదగిన విషయము. ఈ కట్టు కొంత సడలినది కూడ నిజమే. 2012లో వచ్చిన వి6 ఛానలు 'తీన్మార్' కార్యక్రమమున తెలంగాణ మాటలోనే వార్తలు చదివించినపుడు జనులు తమ ఇంటి మాట విన్నట్లు ఆదరించిరి. ఉల్లిపాయ అనువారును, ఉల్లిగడ్డ అనువారును ఒకే కూర తినుచున్నారని అప్పటికి గాని కొందరికి తోచలేదు.

మాట యట్లుండ, మేనిరంగు చూతము. 'కార్తీక దీపం' అను ధారావాహిక 2017లో మొదలై 2023 వరకు తెలుగు ఇండ్లను ఏలినది. నల్లని ఛాయ గల నాయిక, ఆ రంగు కారణముగ అవమానములు పడి, వంటచేసి బ్రతుకుచు 'వంటలక్క'యై జనుల కంట నీరు తెప్పించినది. రంగును బట్టి మనిషిని త్రోసివేయరాదను నీతి అందున్నది, అది మెచ్చదగినదే. కాని ఆ పాత్ర ధరించిన నటికి నల్లదనము రంగుపూతతో తెచ్చినది. నల్లని స్త్రీ కష్టము చెప్పుటకు నల్లని స్త్రీ ఒక్కతెయు దొరకలేదా? ఆమె కన్నీరు కథకు పనికివచ్చినది గాని, ఆమె ముఖము తెరకు పనికిరాలేదు. సానుభూతి చూపుచునే చోటు నిరాకరించు పద్ధతి ఇది. గుడి గోపురమును దూరము నుండి మ్రొక్కుమని చెప్పినవారి దయకును దీనికిని భేదమెంత?

ఇక సీమ విషయము. 1999లో 'సమరసింహారెడ్డి' విజయము పొందిన తరువాత రాయలసీమవాడనగా వేటకొడవలి, నాటుబాంబు, సుమోల బారు అను బొమ్మ సినిమాలలో స్థిరపడినది. ఆ సినిమాలే పండుగ పండుగకు టెలివిజన్‌లో వచ్చుచున్నవి. అనావృష్టితో పోరాడుచు వేరుశనగ పండించు రైతు ఆ బొమ్మలో లేడు. ముస్లిమైనచో నాయకుని కొరకు ప్రాణమిచ్చు మిత్రుడు, లేదా బాంబు పెట్టు ద్రోహి. సైకిలు దుకాణము నడుపుకొనుచు, బిడ్డ పెండ్లికి అప్పు తీర్చుకొను సామాన్యుడు అరుదు. అర్చకుడు తిండిపోతు. హిజ్రా హాస్యపు బొమ్మ. ఇట్లు పుట్టుకను బట్టి పాత్ర, పాత్రను బట్టి గౌరవము పంచిపెట్టుచున్నారు. వృత్తిని పుట్టుకతో ముడివేసిన పాత కట్టడిని కల్యాణమున శరణులు త్రెంచిరి. తెర మరల ఆ ముడినే వేయుచున్నది.

శరణులు దానిని త్రెంచిన తీరు ఎట్టిది? బసవపురాణములో నాయకులెవరో చూచిన తెలియును. మడివాలు మాచయ్య చాకలి. కుమ్మరి గుండయ్య కుండలు చేయుచు ఆ కుండల మ్రోతకే ఆడెను. ఆ ఆటకు శివుడే దిగివచ్చి ఆడెను. మాదర చెన్నయ్య ఊరివారు దూరముంచిన కులమున పుట్టినవాడు. కన్నప్ప అడవి వేటగాడు. గొడగూచి లోకమెరుగని బాలిక. వీరిలో ఒక్కరును పెద్దవారి కథలో నీళ్లు మోయుటకు వచ్చినవారు కారు. కథ వీరిదే. వీరి వృత్తి నవ్వులాటకు గాదు. అదియే వీరి పూజ. కాయకమన్న మాటకు అర్థమదియే. ఆ సమానత్వమును మాటతో సరిపెట్టక, సమగార హరళయ్య కుమారునికిని, బ్రాహ్మణ జన్ముడైన మధువరసుని కుమార్తెకును కల్యాణమున వివాహము జరిగినపుడు, దానికి శరణులు నెత్తురుతో వెల చెల్లించిరని శరణచరిత్రలు చెప్పుచున్నవి.

ఇంతవరకు చదివి, తెరవారు చెడ్డవారు, శరణమార్గము గొప్పదియని తృప్తిపడి పుస్తకము మూసివేయుట సులభము. కాని కిన్నర బ్రహ్మయ్య కథ అంత సులభముగా విడువదు. అందులో మాట తూలినవాడు ఎవడో దుర్మార్గుడు కాడు, సాక్షాత్తు బసవేశ్వరుడు. పరీక్ష మొదట తన యింటనే జరుగవలెను.

బోధను చరిత్రను ఎరిగినవారికి ఈ ఊరు జైనులకు పూజ్యమైనదని తెలియును. బాహుబలి ఏలిన పోదనపురము ఈ బోధనేయని పలువురు పండితులు చెప్పుదురు. అట్టి ఊరిలో బసవపురాణము చదివినపుడు జైనులను గూర్చిన ఘట్టములు ఎట్లు వినబడును? ఏకాంత రామయ్య కథ మొదలగువానిలో జైనుడు ఓడిపోవుటకును, అవమానపడుటకును మాత్రమే వచ్చుచున్నాడు. అది ఆ కాలపు మతవాదముల వేడి. ఆ వేడిలో ఇరుపక్షముల గ్రంథములును పరుషముగ పలికినవి. చరిత్రను దాచనక్కరలేదు, గ్రంథమును దిద్దనక్కరలేదు. కాని ప్రవచనకారుడు ఆ ఘట్టమును రసవత్తరముగ సాగదీసి చెప్పునపుడు, ప్రక్కవీధిలోని జైన వర్తకుడు ఆ పందిరిలో కూర్చుండి తలయెత్తి వినగలడా యని ఒకసారి తలచుట ధర్మము. తెరవారిని అడుగు ప్రశ్న తనకును వేసికొనువాడే అడుగుటకు అర్హుడు.

మరియొక పరీక్ష. 2023 మార్చిలో 'బలగం' అను చలనచిత్రము వచ్చినది. తెలంగాణ పల్లెలో ఒక ముసలివాని మరణము, దినములు, పిట్టకు పెట్టు ముద్ద, విడిపోయిన తోబుట్టువులు – ఇంతే కథ. మేడలు లేవు, కొడవండ్లు లేవు. అందరిదియు ఒకే యాస. కావున యాస ఎవరిని తక్కువ చేయలేదు. ఆ కథ చివర బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వచ్చి పాడిరి. ఆ పాట వినిన పిదపనే పగలు కరగి కుటుంబము ఒకటైనది. పల్లెపల్లెన తెరలు కట్టి జనులు ఆ చిత్రమును కలిసి చూచి ఏడ్చిరి. మొగిలయ్య 2024 డిసెంబరులో శివైక్యము చెందినాడు.

సంచి భుజమున వేసికొని యింటింటికి తిరుగు జంగము పూర్వచిత్రములలో పెక్కుమారులు నవ్వించుటకు వచ్చెడివాడు. ఇక్కడ అతడు కుటుంబమునకు గురువుగా వచ్చినాడు. తెర చేసినది బాగున్నది. మరి వాకిలి ఏమి చేయుచున్నది? జంగమమనగా చలించునది, శివుని నడచు రూపము అని ప్రతి వీరశైవ బాలునికి నేర్పుదురు. ఆ జంగమ నామమునే మోయుచు తంబుర మీటుచు గుమ్మము ముందు నిలిచిన బుడగజంగమును 'పోవయ్య, రేపు రా' అని పంపు ఇండ్లు లేవా? సినిమాలో అతని పాటకు ఏడ్చిన కన్నులే వాకిట అతనిని చూచి ప్రక్కకు తిరిగినచో, ఆ కన్నీటికి విలువ యెంత? చూపించువాని బాధ్యత ఒకటి; చూచువాని బాధ్యత రెండవది.

చూచువాని బాధ్యత చిన్నది కాదనుటకు 'హమ్ లోగ్' నాడే ఒక నిదర్శనము దొరికినది. అందు భాగవంతి అను తల్లి అన్నియు సహించి నలిగిపోవును. అట్టి సహనము వలన స్త్రీ ఎంత నష్టపోవునో చూపవలెనని వ్రాసినవారి ఉద్దేశము. కాని ఆ ధారావాహికను పరిశోధించినవారికి, ఆమెనే ఆదర్శగృహిణిగా మెచ్చుకొన్న ప్రేక్షకులు పెక్కురు కానవచ్చిరి. తెర ఒకటి చెప్పినది. మనస్సు తనకు ముందే తెలిసినదానిని ఏరుకొన్నది. కావున తెరను దిద్దినంత మాత్రమున చాలదు, మనస్సు కూడ దిద్దుకొనవలెను.

ఏమి చేయవలెను? టెలివిజన్ పగులగొట్టనక్కరలేదు, సినిమాహాలు ముందు రాళ్లు రువ్వనక్కరలేదు. అలిగిన బ్రహ్మయ్య రాయి రువ్వలేదు. వాదింపగల బసవడు వాదింపలేదు. దేశమున కేబుల్ టెలివిజన్ చట్టము 1995 నుండి కలదు. దాని క్రింద ప్రసారములకు ఏర్పరచిన నియమావళిలో, జాతిని బట్టి, భాషను బట్టి, ప్రాంతమును బట్టి ఒక వర్గము వారిని వెక్కిరించుచు చులకనగా చిత్రింపరాదని స్పష్టముగ ఉన్నది. నొచ్చినవాడు మొదట ఆ ఛానలువారికే వ్రాయవచ్చును. వినోద కార్యక్రమములపై ఫిర్యాదులు వినుటకు ప్రసారసంస్థలు 2011లో ఏర్పరచుకొన్న మండలి కూడ ఒకటి కలదు. ఒక కార్డు ముక్కయైనను సభ్యమైన భాషలో వ్రాసినచో, వినువాని ముఖము చూడలేని కథకునికి ఆ ముఖమును చూపినట్లగును. వ్రాయువారు తమ కులమును అన్ననాడే వ్రాయుదుమని పట్టుపట్టరాదు. లంబాడీ తల్లిని అన్ననాడు లింగధారి వ్రాయవలెను. సీమ రైతును అన్ననాడు తెలంగాణవాడు వ్రాయవలెను. క్యాంపు రైతును అన్ననాడు ప్రక్క ఊరివాడు వ్రాయవలెను. తన నొప్పికి అరచుట ప్రాణిధర్మము. పరుని నొప్పికి పలుకుట శరణధర్మము.

ఇంటిలో చేయవలసినది ఇంకను సులభము, ఇంకను కష్టము. సీరియల్‌లో పనిమనిషి మాటకు పిల్లలు నవ్వినపుడు, తండ్రి ఒక్క నిమిషము ధ్వని తగ్గించి, నీ అవ్వ మాటయు అదియే గదా బిడ్డా, అందులో నవ్వేమున్నదని అడుగవలెను. నల్లపిల్లకు సంబంధము వచ్చుట కష్టమని పెద్దలు గుసగుసలాడు ఇంటిలో ఏ ధారావాహిక నీతియు నిలువదు. ఆ గుసగుసను ముందు మానవలెను. బీడీలు చుట్టి, ఆ సొమ్ముతో బిడ్డను చదివించిన తల్లి కథను ఏ ఛానలు చూపకపోయినను, బసవ జయంతినాడు బడిపిల్లలచేత ఒక చిన్న నాటికగా ఆడింపవచ్చును. ఫ్యాక్టరీ సైరను ఆగిపోయిన నాటి కథను ఆ కార్మికుని మాటలోనే చెప్పింపవచ్చును. ఆ నాటికను ఆ తల్లియు, ఆ కార్మికుడును ముందు వరుసలో కూర్చుండి చూడవలెను. వారు తలవంచుకొన్నచో నాటిక తప్పినది; తలయెత్తి చూచినచో నెగ్గినది. పరీక్ష అంతే.

బసవేశ్వరుని చేత ఉల్లిగడ్డకు ఉత్సవము చేయించినది బ్రహ్మయ్య కోపము కాదు. ఒక భక్తుడు తన సభనుండి చిన్నబోయి వెళ్లుటను సహింపలేని ప్రేమ. ఆ ప్రేమ చూపువానికిని, చూచువానికిని కలుగుగాక. ఎవరును చిన్నబోయి లేచిపోనక్కరలేని సభయే అనుభవ మంటపము.